పుట్టుమచ్చ ఏ చెంప మీద

"ఇది మీకు అమ్మను సార్," అంది ఆ అమ్మాయి.

జేబులో డబ్బులు పెట్టుకుని వచ్చినవాడికి వస్తువు అమ్మనని చెప్పే షాపు మనిషిని చూడటం నాకదే మొదటిసారి. నేను పుట్టి పెరిగింది జహీరాబాద్‌లోనే. ఇరవై తొమ్మిదేళ్ళుగా మెయిన్ రోడ్డు మీద వద్దన్నా అంటగట్టేవాళ్ళనే చూశాను గానీ, అడిగినా ఇవ్వనివాళ్ళను చూడలేదు.

"ఎందుకమ్మరు? ప్రొజెక్టర్ పెట్టె అక్కడ కనిపిస్తోందిగా," అన్నాను.

"కనవడ్తది. అది అమ్మనీకి కాదు. ఎవలన్న వచ్చి గదే కావాలంటే, ఎందుకొద్దో చెప్పనీకి పెట్టిన."

"దాని మీద పన్నెండు వేల ల్యూమెన్ల వెలుగని రాసుంది. ధర తొమ్మిది వేలు. నా బడ్జెట్ ఇరవై. నాకు సగానికి పైగా మిగులుతుంది. మీకేమిటండీ బాధ?"

"అండ్ల నిజంగ పన్నెండు వేల ల్యూమెన్లు ఉంటే సార్, మీరు ఆన్ చేయంగనే ఎదురింటోళ్ళు తెల్లారిందనుకోని పాలకు పోతరు."

మిక్సీ రిపేరుకు తెచ్చిన ఒక పెద్దాయన పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీర్ని. రోజూ పదిమందికి తప్పులు చూపించడం నా ఉద్యోగం. నాకే ఒకరు తప్పు చూపించడం, అదీ జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకుని, చేతిలో స్క్రూడ్రైవర్ తిప్పుతున్న అమ్మాయి చూపించడం, అసలు నచ్చలేదు.

"ఆన్‌లైన్లో కొనుక్కుంటాను లెండి," అని విసురుగా బయటికొచ్చాను.

సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. మామూలు వాన కాదు. రోడ్డు అవతల ఉన్న నా బండి కూడా కనిపించనంత వాన. షాపు రేకు కింద బల్లిలా గోడకు అతుక్కుని నిలబడ్డాను. ఐదు నిమిషాలయింది. ప్యాంటు మోకాళ్ళదాకా తడిసింది.

లోపలినుంచి గొంతు వినిపించింది. "లోపలికి రాన్రి సార్. మీ కోపం చూసి వాన ఆగదు."

వెళ్ళాను. వెళ్ళక ఏం చేస్తాను? నేను లోపల అడుగు పెట్టగానే కరెంటు పోయింది. ఆ చీకట్లో ఆమె ఏదో నొక్కింది. ఇన్వర్టర్ మీద ఒక చిన్న ప్రొజెక్టర్ వెలిగి, ఎదురుగోడ మీద పచ్చటి చేను పరుచుకుంది. నేను అబ్బా అన్నాను. బయటికి వినపడేలాగే అన్నట్టున్నాను.

"మంచిగుందా? ఇదే మీరు అడిగింది," అంది ఆమె. "చీకట్ల అన్నీ మంచిగనే ఉంటయి. ఇప్పుడు చూడున్రి." సెల్‌ఫోన్ టార్చి వేసింది. గోడ మీద చేను కాస్తా మాసిన గుడ్డలా వెలిసిపోయింది. "ల్యూమెన్ల పక్కన 'ఆన్సీ' అని ఉంటేనే లెక్క. లేకుంటే డబ్బా మీద వాళ్ళ ఇష్టం, ఎంతన్న రాసుకుంటరు. మళ్ళ ఫోర్‌కే సపోర్ట్ అని రాస్తరు. సపోర్ట్ అంటే ఏంది? పెద్ద సిన్మా ఇస్తే తీస్కుంటది, చిన్నగ చేసి చూపెడ్తది. 'నేటివ్' ఎంత, అంటే దాని సొంత బొమ్మ ఎంత అని అడగాలె."

ఆమె పేరు ప్రణీత. ఊరు చిరాగ్‌పల్లి. తండ్రి మదన్‌మోహన్‌కి చెరుకు, అల్లం సేద్యం. షాపు అన్న మహిధర్ పేరు మీద ఉన్నా, ఇంజనీరింగ్ చదివి వచ్చి నడిపేది ఈమే. అమ్మ మనోరమ పేరే షాపుకు పెట్టుకున్నారు. ఇదంతా ఆ రోజు వాన తగ్గేలోపు తెలుసుకున్నాను. మనిషి కుతూహలానికి హద్దుండాలి అంటుంది మా అమ్మ. నాకు లేదు.

"ఇంతకూ ఎవలి కోసం? మీ కోసమా?" అని అడిగింది ప్రణీత.

"మా నాన్న కోసం."

నాన్న పేరు భాస్కరరావు. తణుకు నుంచి ముప్ఫై నాలుగేళ్ళ కిందట ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి ఫిట్టర్‌గా వచ్చారు. మొన్న జూన్‌లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేసి టౌన్లో డాబా ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అప్పటినుంచి ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. పేపరు చదవరు, టీవీ చూడరు. పని లేని చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంటారు. చూస్తుంటే నాకు ఏడుపొస్తుంది.

"కాలనీలో వినాయక చవితికి తొమ్మిది రోజులూ సినిమాలు వేసేవాళ్ళు," అని చెప్పాను. "రిక్రియేషన్ క్లబ్బుకు ఒక పాత రీళ్ళ మిషను ఉండేది. దాన్ని నడిపేది మా నాన్నే. సాయంత్రం నుంచే చాపలు పరిచి చోటు పట్టుకునేవాళ్ళం. మరమరాలు, కొబ్బరిముక్కలు. రీలు టకటకా తిరుగుతుంటే నాన్న పక్కన స్టూలు మీద కూర్చుని, వేడెక్కిన మిషను వాసన పీలుస్తూ, నేనే సినిమా తీసినంత గర్వపడేవాణ్ణి. ఆ రోజుల్లో నాన్న నడకే వేరండీ. అది మళ్ళీ చూడాలని ఉంది."

ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ తిరగడం ఆగింది.

"ఫ్యాక్టరీ కాలనీల సిన్మాలా? పద్దెనిమిది, ఇరవై ఏండ్ల కింద?"

"మీరు చూశారా?"

"మస్తు చూసిన. బాయి సిన్మా యాదికున్నదా మీకు?"

నేను లేచి నిలబడ్డాను. ఆ సినిమా పేరు మా కాలనీలో ఎవరికీ గుర్తులేదు. నలుపు తెలుపు బొమ్మ. చివర్లో కథానాయిక బావి గట్టు మీద నిలబడి నవ్వుతూ ఏడుస్తుంది. అందుకని అందరం బావి సినిమా అనేవాళ్ళం. ఏటా ఒకసారి వేయాల్సిందే.

"ఆ హీరోయిన్‌కు చెంప మీద ఇంత పుట్టుమచ్చ ఉంటుంది," అన్నాను ఉత్సాహంగా.

"అవు, ఎడమ చెంపకు!"

"కుడి చెంప."

"ఎడమ. నేను ఆమెను చూసి కాటుకతోని పెట్టుకునేదాన్ని ఎడమ చెంపకు. మా అమ్మ తిట్టేది."

"మీరు తప్పు చెంపకు పెట్టుకున్నారు."

"మీరు తప్పు చెంప చూసిన్రు. పందెమా? ఓడినోళ్ళు ఇరానీ చాయ్ తాగియ్యాలె."

అలా మొదలైంది. ఒక్క ప్రొజెక్టర్ కొనడానికి నేను మూడు వారాల్లో ఆ షాపుకు తొమ్మిదిసార్లు వెళ్ళాను. ఒకరోజు హాలు కొలతలు చెప్పడానికి. "గోడ నుంచి తొమ్మిదిన్నర అడుగులు దూరం ఉంటే వంద ఇంచుల బొమ్మ వస్తది, ఇంకేం కావాలె?" అంది. ఇంకొకరోజు ఫ్యాన్ చప్పుడు వినడానికి. చెవి మిషను దగ్గర పెట్టి ఇద్దరం వింటుంటే నాకు వినపడింది నా గుండె చప్పుడే, మిషనుది కాదు. మరొకరోజు స్పీకర్ గురించి.

"ఇరవై వేలు మొత్తం ప్రొజెక్టర్‌కే పెట్టకున్రి," అని ఉపదేశించింది ఆ రోజు. "దాంట్లున్న స్పీకర్ తోటి వింటే డబ్బాల నుంచి మాట్లాడినట్టుంటది. రెండు వేలు దానికి ఆపున్రి. స్క్రీన్ కొననే వద్దు. గోడకు తెల్ల సున్నం కొట్టున్రి, లేకుంటే దుప్పటి కట్టున్రి."

"మీరు ఇలా అన్నీ వద్దంటుంటే షాపు ఎలా నడుస్తుంది?"

"నడుస్తలేదు. మా అన్న రోజు అదే అంటడు."

మాటల మధ్యలో ఒకసారి, "మా నాయిన కంపెనోళ్ళను నమ్మడు. ఇయ్యాల ఉంటరు, రేపు ట్రాన్స్‌ఫర్ అని పోతరు అంటడు," అంది స్క్రూలు ఏరుకుంటూ. "మీరు గూడ పోతరా?"

"నేను ఇక్కడే పుట్టానండీ. ఎక్కడికి పోతాను?"

ఆమె తల ఎత్తి చూసింది. ఒక్క క్షణమే. ఆ రోజు ఇంటికెళ్ళేటప్పుడు బండి మీద రెండు స్పీడ్ బ్రేకర్లు నాకు తగిలినట్టే లేదు.

మా అమ్మ అన్నపూర్ణకు ఇలాంటివి దాచలేం. "ఒరేయ్, నిన్ను కనడానికి కూడా నేను ఆసుపత్రికి అన్నిసార్లు తిరగలేదురా. ప్రొజెక్టర్ కొంటున్నావా, ఆ అమ్మాయి కోసం తిరుగుతున్నావా?" అంది.

"ఆ అమ్మాయి కోసమే అమ్మా," అన్నాను. చెప్పేశాక ప్రాణం హాయిగా అనిపించింది. ప్రణీతను పెళ్ళి చేసుకోవాలి. అంతే. అది తప్ప ఆ రోజుల్లో నాకు వేరే ఆలోచన లేదు.

"అయితే వెళ్ళి ఆమెకు చెప్పు. నాకు చెప్తావేం?"

ఆ శుక్రవారమే చెబుదామనుకున్నాను. సరిగ్గా గురువారం రాత్రి భోజనానికి ముందు నెట్‌లో వెతకగా వెతకగా బావి సినిమా దొరికింది. పుట్టుమచ్చ కుడి చెంప మీదే ఉంది! ఎగిరి గంతేశాను. శుక్రవారం దాకా ఆగలేక, ఆ బొమ్మ ఫోన్లో పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పందెం గెలిచిన ఊపులో మనసులో మాట కూడా చెప్పేద్దామని షాపుకు బయల్దేరాను.

షాపులో నలుగురున్నారు. మహిధర్ కూడా ఉన్నాడు. నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

"చూడండి మేడమ్, కుడి చెంప!" అని ఫోన్ ఆమె మొహానికెదురుగా పెట్టాను. "చాయ్ బాకీ పడ్డారు. అసలు మీరు ఆ సినిమా చూశారా అని నా అనుమానం. కస్టమర్ కాలనీవాడని తెలియగానే నేనూ చూశానని కోతలు కోశారు కదూ? వస్తువు అమ్మడానికి ఎన్ని అబద్ధాలండీ!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ప్రణీత నవ్వలేదు. ఫోన్‌లో బొమ్మను చాలాసేపు చూసింది. ఏదో తెలిసినట్టు ఆమె మొహం మారిపోయింది.

"అవు సార్," అంది నెమ్మదిగా. "నేను చూడలే."

స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, "అన్నా, సార్‌కు ఏం కావాల్నో చూడు," అని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు. నేను అరగంట నిలబడి, చెప్పాలనుకున్న మాట నోట్లోనే పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఏమైందో నాకు అర్థం కాలేదు. అన్నం తింటూ నాన్నకు చెప్పాను. కాస్త నవ్వుతారేమోనని, "ఎడమ చెంపట నాన్నా!" అన్నాను.

నాన్న నవ్వలేదు. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు.

"ఆ పిల్లది ఏ ఊరన్నావు?"

"చిరాగ్‌పల్లి. వాళ్ళ చేను మన కాలనీ గోడ పక్కనేనట."

"అయితే చూసిందిరా. ఆ పిల్ల చెప్పింది నిజమే."

"పుట్టుమచ్చ కుడి చెంప మీదుంటే ఎడమ ఎలా నిజం నాన్నా?"

"తెరకు అవతల పక్క కూర్చుంటే కుడి ఎడమవుతుందిరా ఇంజనీరూ," అన్నారు నాన్న. మూడు నెలల్లో ఆయన ఇంత మాట్లాడటం అదే మొదలు. "ఆ గోడకు ఎత్తు తక్కువ. తెర గోడ మీదుగా కట్టేవాళ్ళం. అవతల చేల్లో ఊళ్ళోవాళ్ళు ఎడ్లబండి ఆపుకుని, దాని మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని చూసేవాళ్ళు. వాళ్ళకు బొమ్మంతా తిరగబడి పడేది. అక్షరాలు కూడాను."

నేను తినడం మానేశాను.

"క్లబ్బు వాళ్ళు కొన్న మందం తెర కడితే అవతలికి ఏమీ దాటదు. అందుకని చినిగిందని చెప్పి మూలన పడేసి, పల్చటి దుప్పటి కట్టేవాణ్ణి. ఆట ముందు బకెట్టు నీళ్ళు తెచ్చి దాన్ని తడిపేవాణ్ణి. గుడ్డ తడిగా ఉంటే బొమ్మ అవతలికి బాగా దిగుతుంది. ఎవరైనా అడిగితే గాలికి ఎగరకుండా అనేవాణ్ణి."

"లోపలికే రానివ్వచ్చు కదా?"

"కాలనీవాళ్ళకే అని రూలు. నేను ఫిట్టర్ని. గేటు నా చేతిలో లేదు. గుడ్డ నా చేతిలో ఉంది."

ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని అన్ని సినిమాలు చూశాను. గోడకు అవతల ఎవరైనా ఉన్నారా అని ఒక్కసారీ తొంగి చూడలేదు. పైగా ఇప్పుడు నలుగురి ముందు నువ్వు చూడలేదు పొమ్మన్నాను. ఆ రాత్రి నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు షాపు తెరవకముందే వెళ్ళి నిలబడ్డాను. షట్టర్ ఎత్తింది మహిధర్.

"చెల్లె వస్తలేదు సార్. జ్వరమా అంటే కాదంటది. మీరు గట్టిగనే అన్నరు నిన్న."

"అవును. తప్పు నాదే."

"దానికి అబద్ధం ఆడుడు రాదు సార్. వస్తే మాకు ఇంకో షాపు ఉండేది."

"ఆమె చెప్పిన ప్రొజెక్టరే ఇవ్వండి. స్పీకర్ కూడా. ఒక తెల్లకాగితం, మీ బిల్లు బుక్కులో కార్బన్, రీఫిల్ అయిపోయిన పెన్ను ఉంటే ఇస్తారా?"

మహిధర్ నన్ను జాలిగా చూసి అన్నీ ఇచ్చాడు. కార్బన్‌ను తిరగేసి, నీలం పక్క పైకి పెట్టి, దాని మీద కాగితం వేసి, ఇంకు లేని పెన్నుతో గట్టిగా రాశాను. పైన ఏమీ పడలేదు. కాగితం వెనక మాత్రం అక్షరాలన్నీ తిరగబడి నీలంగా అచ్చయ్యాయి.

'మీరు చూశారు. అబద్ధమన్నది నా తెలివితక్కువతనం. క్షమించండి. ఆదివారం రాత్రి ఏడున్నరకు మా డాబా మీద బావి సినిమా. ఇంటిల్లిపాదీ రండి. నేను తెర వెనక కూర్చుంటాను. శ్రావణ్.'

మహిధర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిదేం బాష సార్? కన్నడమా?"

"మీ చెల్లెలికి తెలుస్తుంది. ఇవ్వండి చాలు."

ఆదివారం వచ్చింది. నాన్న పొద్దున్నుంచే డాబా మీద ఉన్నారు. ప్రొజెక్టర్ స్టూలు మీద పెట్టి, కాళ్ళ కింద అట్టముక్కలు దోపి, బొమ్మ వంకర పోకుండా సరిచేస్తూ, "ఇంత చిన్నదా! దీనికి రీలు లేదు, వాసన లేదు," అని గొణుక్కుంటూనే దాన్ని పసిపిల్లలా చూసుకున్నారు. సాయంత్రమయ్యేసరికి బకెట్టు నీళ్ళు మోసుకొచ్చారు. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. ఆయన నడక మారింది. అది చూసి అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఏడున్నరకు పాత కాలనీవాళ్ళు ఓ పదిమంది చేరారు. ఏడూ ముప్పావు అయింది. చిరాగ్‌పల్లి నుంచి ఎవరూ రాలేదు. నాన్న ఇంకో ఐదు నిమిషాలు ఆగి, నా వంక చూసి, ఆట మొదలుపెట్టారు. నేను మాట ఇచ్చినట్టే తెర వెనక, నీళ్ళ ట్యాంకు పక్కన ఒక్కణ్ణే చాప మీద కూర్చున్నాను.

పేర్లు పడుతున్నాయి. ఒక్క అక్షరం చదవలేకపోయాను. తెలుగు తెలుగులా లేదు. కథానాయకుడు ఎడం చేత్తో అన్నం తింటున్నాడు. తడిగుడ్డ మీద నుంచి నీటిచుక్కలు కారుతుంటే బొమ్మ అక్కడక్కడ వణుకుతోంది. అవతల అందరూ నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో ఇవతల కాస్త ఆలస్యంగా తెలుస్తోంది. ఇలా తొమ్మిదేసి రాత్రులు, ఏటేటా, ఒక చిన్నపిల్ల ఎడ్లబండి మీద కూర్చుని చూసింది.

మెట్ల దగ్గర అలికిడయింది. అమ్మ గొంతు వినిపించింది. "రండి రండి, ముందు కుర్చీల్లో కూర్చోండి వదినగారూ. అన్నయ్యగారూ, ఇటు."

కాసేపటికి తెర పక్కనుంచి పట్టీల చప్పుడు వచ్చింది. ప్రణీత వచ్చి, నాకు రెండు జానల దూరంలో చాప మీద కూర్చుంది. నా వైపు చూడలేదు. సినిమానే చూస్తోంది.

"పేర్లు పడుతుంటే మా అన్న ఇది కన్నడం అని చెప్పేటోడు," అంది కొంచెంసేపయ్యాక. "బడికి పోయి తెలుగు నేర్చుకున్నంక గూడ సదవరాలే. గప్పుడు నేను మొద్దుదాన్ని అనుకున్న."

"నన్ను క్షమించండి ప్రణీతా."

"మీరు ఫోన్ల బొమ్మ చూపెట్టినంకనే నాకు గూడ సమజైంది. గిన్నేండ్లు ఎడమ చెంపనే అనుకున్న. ఎనిమిదేండ్లప్పుడు ఒకసారి కొత్త గౌను ఏస్కోని గేటు కాడికి పోయిన. ముంగటి నుంచి చూద్దామని. కాలనీ పిల్లలకే అన్నరు. మీరు షాపుల గట్ల అనంగనే, మళ్ళ గేటు కాడ నిలవడ్డట్టైంది. అందుకే లోపలికి పోయిన. మీ మీద కోపంతోని కాదు. ఏడుస్తే నలుగురు చూస్తరని."

నాన్న చెప్పిందంతా ఆమెకు చెప్పాను. చినిగిందని మూలన పడేసిన తెర గురించి, పల్చటి దుప్పటి గురించి, బకెట్టు నీళ్ళ గురించి.

ఆమె నా వైపు పూర్తిగా తిరిగింది. తెర వెలుతురులో కళ్ళు తడిగా మెరిశాయి.

"మా కోసమా? గాలికి ఎగరకుంట తడుపుతున్నరు అనుకున్నం మేము. ఒక్కనాడు గూడ తెల్వదు."

"నాకూ మొన్నటిదాకా తెలియదు."

సినిమా సగానికొచ్చింది. ఇంక ఆగితే ఎప్పటికీ చెప్పలేనని భయం వేసింది. "ప్రణీతా, నాకు ప్రొజెక్టర్ మొదటి రోజే నచ్చింది. మిగతా ఎనిమిదిసార్లు మీ కోసమే వచ్చాను. మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉంది. ట్రాన్స్‌ఫర్ అంటే ఉద్యోగమే మానేస్తాను గానీ ఊరు వదలను. మీకు ఇష్టమేనా?"

ఆమె చాప అంచు పీచు ఒకటి లాగి వేలికి చుట్టుకుంది.

"తొమ్మిదిసార్లు కాదు, పదకొండుసార్లు వచ్చిన్రు. రెండుసార్లు షాపు బంద్ ఉన్నది. ఎదురుంగ చాయ్ హోటల్ కాడ నిలవడి చూసి పోయిన్రు. హోటలాయన చెప్పిండు," అంది. తర్వాత తల వంచుకుని, "ఇష్టమే. శానా ఇష్టం," అంది.

నేను చాప మీద ఒక జాన దగ్గరికి జరిగాను.

"కానీ నాయిన ఒప్పుకోవాలె కద. కంపెనోళ్ళు అంటేనే లేచి పోతడు."

"నేను రేపు వచ్చి మాట్లాడతాను. అమ్మానాన్నలను కూడా తీసుకొస్తాను."

"రేపెందుకు?" అంటూ లేచింది. పమిట సవరించుకుంది. "మీరు ఈడనే కూసోన్రి. నేనే అడుగుత."

"ఇప్పుడా? సినిమా మధ్యలో?"

ఆమె అప్పటికే తెర పక్కనుంచి అవతలికి వెళ్ళిపోయింది.

లేచి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. అక్కడే కూర్చుని తెర వంక చూశాను. ఒక్కసారిగా బొమ్మ మీద నల్లటి నీడ పడింది. జడ, భుజం, కొంగు. "అమ్మాయ్, పక్కకి! పక్కకి!" అని ఎవరో అరిచారు. నీడ జరగలేదు. వంగి ఎవరితోనో మాట్లాడుతోంది. స్పీకర్‌లో పాట గట్టిగా వస్తోంది. ఒక్క ముక్క వినపడలేదు. ఆమె చెయ్యి లేచి ప్రొజెక్టర్ ఉన్న వైపు చూపించింది.

ఇంకో నీడ కుర్చీలోంచి లేచింది. పొడుగాటి మనిషి. భుజం మీద తువ్వాలు. మదన్‌మోహన్ గారే అయుండాలి. ఆయన కదలకుండా నిలబడ్డారు. ఎంతసేపో. పాటలో ఒక చరణం మొత్తం అయిపోయింది. లేచి వెళ్ళిపోతారేమో అనుకున్నాను.

పొడుగాటి నీడ నడిచింది. మెట్ల వైపు కాదు, మిషను వైపు. దగ్గరయ్యేకొద్దీ పెద్దదయింది. తెరంతా ఆక్రమించింది. "ఎవరండీ, బొమ్మకు అడ్డం వస్తున్నారు?" అని నాన్న గొంతు వినపడింది. స్టూలు పక్కనుంచి పొట్టి నీడ ఒకటి లేచి ఎదురొచ్చింది.

"సార్, ఆ గుడ్డ తడిపింది మీరేనట గద?"

అప్పుడే పాట ఆగింది కాబట్టి ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. నాన్న ఏం చెప్పారో వినపడలేదు. ఆయన తల ఊపడం మాత్రం కనిపించింది.

పొడుగాటి నీడ రెండు చేతులూ చాచి పొట్టి నీడను అలయ్ బలయ్ తీసుకుంది. దసరాకు ఈ ఊళ్ళో మగవాళ్ళు గుండెకు గుండె ఆనించి తీసుకునే ఆలింగనం అది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇక్కడున్నా నాన్నకు అలవాటు లేదు. ఆయన చేతులు క్షణంసేపు గాల్లోనే ఉండిపోయాయి. తర్వాత అవి కూడా వెళ్ళి ఆ వీపును చుట్టుకున్నాయి. తెర మీద రెండు నీడలు ఒకటే అయ్యాయి. వాటి వెనక సినిమా తన దారిన తాను నడుస్తోంది.

"శ్రావణ్!" అని పిలిచారు నాన్న. "ఇవతలికి రారా. మామయ్యగారు నిన్ను చూడాలంటున్నారు."

నేను లేచాను. తెర పక్కకు వచ్చేసరికి తడిగుడ్డ అంచు మొహానికి తగిలి చొక్కా తడిసింది. తుడుచుకోకుండానే వెళ్ళాను.